బరంపురం బట్టల సంస్థ మెయిల్ సర్వర్: డొమైన్ హెల్త్ చెక్ హెచ్చరికల వెనక ఏముంది? (కేస్ స్టడీ)

బరంపురంలో పట్టు, నూలు బట్టల టోకు వ్యాపారం చేసే సంస్థ ఇది. సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురంలో ఒక బ్రాంచ్, ఇవతల పర్లాకిమిడిలో ఇంకొకటి ఉన్నాయి. ఖాతాదారులు రాయగడ, కోరాపుట్, జయపురం నుంచి శ్రీకాకుళం దాకా విస్తరించి ఉన్నారు. ఇచ్ఛాపురానికి సరుకు కదిలిందంటే రాష్ట్రం దాటినట్టే. ఐజీఎస్టీ బిల్లు, యాభై వేలు దాటితే ఈ-వే బిల్లు వెంట ఉండాలి. ఈ కాగితాలన్నీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్‌లుగా తయారుచేసి మెయిల్‌లో పంపుతుంది. అలాంటి చోట మెయిల్ ఆగితే లోడెత్తిన బండి కూడా ఆగుతుంది.

ఫిర్యాదులు మూడు. జీమెయిల్ వాడే ఖాతాదారులకు పంపిన బిల్లుల్లో కొన్ని స్పామ్‌లో పడుతున్నాయి, కొన్ని తిరిగొస్తున్నాయి, కొన్ని బాగానే చేరుతున్నాయి. బ్రాంచ్‌ల నుంచి అవుట్‌లుక్‌లో పంపితే అప్పటికప్పుడే ఎర్రర్ వస్తోంది, హెడ్ ఆఫీసులో మాత్రం ఆ బాధ లేదు. కొత్తవాళ్లు ఎవరైనా సంస్థకు మెయిల్ పెడితే అది గంటల తరబడి ఆలస్యంగా దిగుతోంది.

సర్వర్ అద్దెకు తీసుకున్న వీపీఎస్, అంటే ప్రొవైడర్ తన పెద్ద కంప్యూటర్‌లో విడదీసి ఇచ్చే వర్చువల్ సర్వర్. ఉబుంటు 22.04, దాని మీద మెయిల్ పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్ 3.6, వచ్చిన మెయిల్‌ను ఉద్యోగులకు అందించే డవ్‌కాట్, వెళ్లే మెయిల్‌కు డిజిటల్ సంతకం చేసే ఓపెన్‌డీకిమ్. వెబ్‌సైట్ వేరే షేర్డ్ హోస్టింగ్‌లో ఉంది. డొమైన్ పేరు ఏ ఐపీకి చెందుతుందో చెప్పే డీఎన్‌ఎస్ ఒక ఉచిత సేవలో ఉంది. పండగ ఆఫర్ల మెయిళ్లు వేరే బల్క్ మెయిల్ సేవ ద్వారా వెళ్తాయి. ఇక్కడ డొమైన్‌ను సంస్థ.ఇన్ అనీ, సర్వర్ ఐపీని 203.0.113.25 అనీ రాస్తున్నాం. ఈ ఐపీ ఉదాహరణల కోసమే కేటాయించిన వరసలోది. కమాండ్లు, పారామీటర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నా కన్సోల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

సంస్థ వాళ్లు ముందే ఒక ఆన్‌లైన్ డొమైన్ హెల్త్ చెక్ నడిపి, ఆ రిపోర్టు ప్రింటు తీసి, సర్వర్ సరిచేసే మాకు ఇచ్చారు. అందులో ఉన్నవి ఇవి: రివర్స్ డీఎన్‌ఎస్ పేరు (ఐపీని బట్టి అడిగితే వచ్చే పేరు) ఎస్‌ఎమ్‌టీపీ బ్యానర్‌తో (సర్వర్ తొలి పలకరింపులో చెప్పే పేరు) కలవడం లేదు, సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25 పోర్టులో టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే ముసుగు) లేదు, ట్రాన్సాక్షన్ టైమ్ 5 సెకన్లు దాటింది, ఎస్‌పీఎఫ్ (డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది) రికార్డులు ఒకటికి మించి ఉన్నాయి, డీమార్క్ (పరీక్ష తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది) రికార్డు దొరకలేదు, ఎస్ఓఏలో (డొమైన్ డీఎన్‌ఎస్‌కు మొదటి పేజీ లాంటి రికార్డు) సీరియల్ నంబర్ పద్ధతి, ఎక్స్‌పైర్ విలువ సిఫార్సు చేసిన పరిధిలో లేవు.

ఈ జాబితాను పైనుంచి కిందికి ఒక్కొక్కటీ పచ్చగా మార్చుకుంటూ పోవాలనే అందరికీ అనిపిస్తుంది. అలా చేస్తే ఈ కేసులో రిపోర్టు శుభ్రంగా ఉండేది, బిల్లులు మాత్రం తిరిగొస్తూనే ఉండేవి. హెల్త్ చెక్ చేసేది బయటినుంచి వచ్చి మీ సర్వర్ తలుపు తట్టడం. అంటే మీరు మెయిల్ అందుకునే దారినే అది చూస్తుంది. మీరు పంపే దారి దానికి కనబడదు. ఏ ఇంటర్‌ఫేస్ నుంచి మెయిల్ బయటికి పోతోందో, సంతకం పడుతోందో లేదో దానికి తెలిసే మార్గమే లేదు. కాబట్టి రిపోర్టు పక్కన మెయిల్ లాగ్ (ప్రతి మెయిల్‌కూ ఏం జరిగిందో సర్వర్ రాసుకునే ఫైలు) తెరిచి పెట్టుకుని, ప్రతి హెచ్చరికకూ ఇది వచ్చే మెయిల్‌ను ఆపుతోందా, వెళ్లే మెయిల్‌ను ఆపుతోందా, దేన్నీ ఆపడం లేదా అని రాసుకున్నాకే పని మొదలుపెట్టాం.

రిపోర్టులో లేని మొదటి లోపం: ఐపీవీ6

లాగ్‌లో స్టేటస్=బౌన్స్‌డ్ అని ఉన్న లైన్లన్నీ గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో బయటికి తీస్తే జీమెయిల్‌వి ఒకే పోలికలో ఉన్నాయి. తిరిగొచ్చిన ప్రతి మెయిల్‌కూ రిలే= పక్కన ఉన్నది గూగుల్ వాళ్ల ఐపీవీ6 చిరునామా, అంటే మామూలు ఐపీవీ4 కాకుండా కొత్త తరహా పొడుగు ఐపీ. పంపిన చిరునామాకు పీటీఆర్ రికార్డు (రివర్స్ డీఎన్‌ఎస్ పేరు ఇచ్చేది) లేదంటూ 550 కోడ్‌తో తిరస్కరించారు. చేరినవీ, స్పామ్‌లో పడ్డవీ ఐపీవీ4 మీద వెళ్లినవే.

వీపీఎస్‌కు ప్రొవైడర్ ఐపీవీ6 చిరునామా కూడా ఇచ్చాడు. పోస్ట్‌ఫిక్స్‌లో ఇనెట్_ప్రోటోకాల్స్ = ఆల్ అని ఉంది. పంపేటప్పుడు 4, 6లలో దేన్ని ముందు వాడాలో చెప్పే ఎస్‌ఎమ్‌టీపీ_అడ్రెస్_ప్రిఫరెన్స్ డిఫాల్టుగా ఎనీ అని ఉంటుంది కాబట్టి ఒక మెయిల్ ఈ దారిన, ఇంకోటి ఆ దారిన పోతాయి. "కొన్ని వెళ్తున్నాయి, కొన్ని వెళ్లట్లేదండీ" అన్న ఫిర్యాదుకు కారణం ఇదే. ఎమ్ఎక్స్ పేరుకు (డొమైన్ తరఫున మెయిల్ అందుకునే సర్వర్ పేరు) ఐపీవీ6 రికార్డు లేదు గనుక హెల్త్ చెక్ ఐపీవీ6ను తాకనే లేదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఐపీవీ6కూ పీటీఆర్ పెట్టించి, మెయిల్ పేరుకు నాలుగు ఏల (ఏఏఏఏ, పేరుకు ఐపీవీ6 చిరునామా చెప్పే) రికార్డు ఇచ్చి, ఎస్‌పీఎఫ్‌లో ఆ చిరునామా చేర్చడం. రెండోది, మెయిల్‌ను ఐపీవీ4కే కట్టడి చేయడం. ఇంత చిన్న సంస్థకు రెండోదే మేలు, ఎందుకంటే చూసుకోవాల్సిన పేర్లు సగానికి తగ్గుతాయి. ఇనెట్_ప్రోటోకాల్స్ = ఐపీవీ4 అని మార్చి పోస్ట్‌ఫిక్స్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ పారామీటర్‌కు రీలోడ్ చాలదు. చాలామంది రీలోడ్ కొట్టి, మార్పు కనబడక, వేరే చోట తవ్వడం మొదలుపెడతారు. ప్రిఫరెన్స్‌ను ఐపీవీ4 అని మార్చి వదిలేయడం కూడా చాలదు. ఐపీవీ4 మీద కనెక్షన్ కుదరనప్పుడు అది మళ్లీ 6 మీదికే పోతుంది.

పేరు ఒక్కటే ఉండాలి: పీటీఆర్, బ్యానర్, హెలో

టెల్‌నెట్‌తో 25 పోర్టుకు వెళ్తే 220 పక్కన వచ్చిన పేరు ఉబుంటు-సర్వర్. డొమైనే లేని ఉత్త పేరు అది. వీపీఎస్ తయారైనప్పుడు పడిన హోస్ట్‌నేమ్‌ను పోస్ట్‌ఫిక్స్ అలాగే ఎత్తుకుంది. డీఎన్‌ఎస్‌ను అడిగే డిగ్ కమాండ్‌తో డిగ్ -ఎక్స్ 203.0.113.25 అని అడిగితే ప్రొవైడర్ తన అలవాటు ప్రకారం ఐపీ అంకెలతో అల్లిన పేరు వచ్చింది.

హెచ్చరిక బ్యానర్ గురించి చెప్పినా, దాని వల్ల నష్టం జరిగేది ఇంకోచోట. మెయిల్ పంపేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ అవతలి సర్వర్‌కు హెలోలో చెప్పుకునే పేరు కూడా బ్యానర్ పేరులాగే మైహోస్ట్‌నేమ్ అనే పారామీటర్ నుంచే వస్తుంది. హెలోలో పూర్తి డొమైన్ పేరు లేకపోతే 504 కోడ్‌తో తిప్పిపంపే సర్వర్లు చాలా ఉన్నాయి. లాగ్‌లో అలాంటివి ఉన్నాయి కూడా, ముఖ్యంగా సొంత సర్వర్లు నడుపుకునే మిల్లుల దగ్గర.

చేసిన క్రమం ఇది. ముందు డీఎన్‌ఎస్‌లో మెయిల్.సంస్థ.ఇన్‌కు "ఏ" అనే రికార్డు (పేరుకు ఐపీవీ4 చిరునామా చెప్పేది) 203.0.113.25 అని ఉందో లేదో చూశాం, ఉంది. డీఎన్‌ఎస్ సేవలో ప్రాక్సీ సదుపాయం ఉంటే ఈ పేరుకు దాన్ని ఆపాలి. వెబ్ ట్రాఫిక్ కోసం పెట్టిన ప్రాక్సీ 25 పోర్టును దాటనివ్వదు. ఎమ్ఎక్స్ చూపించే పేరు సీనేమ్ (ఇంకో పేరుకు మళ్లించే మారుపేరు) అయి ఉండకూడదు, ఇంటర్నెట్ నియమాల పత్రాల్లో ఒకటైన 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2181 ఆ మాట స్పష్టంగా చెప్పింది. తరవాత వీపీఎస్ ప్రొవైడర్ ప్యానెల్‌లోకి వెళ్లి పీటీఆర్‌ను మెయిల్.సంస్థ.ఇన్ అని మార్చాం. పీటీఆర్ మన డొమైన్ డీఎన్‌ఎస్‌లో ఉండదు, ఐపీ ఎవరిదో వాళ్ల చేతిలో ఉంటుంది. ఇక్కడే పొరపాటు పడతారు: సొంత డీఎన్‌ఎస్ ప్యానెల్‌లో పీటీఆర్ టైపు రికార్డు ఒకటి సృష్టించి, ఎంతకీ మారట్లేదని ఎదురుచూస్తుంటారు. ప్యానెల్‌లో ఆ వీలు లేకపోతే ప్రొవైడర్‌కు టికెట్ పెట్టడమే దారి.

చివరగా పోస్ట్‌ఫిక్స్ ప్రధాన సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో మైహోస్ట్‌నేమ్ = మెయిల్.సంస్థ.ఇన్. ఉత్త సంస్థ.ఇన్ అని పెట్టొద్దు. ఈ డొమైన్ వర్చువల్_మెయిల్‌బాక్స్_డొమైన్స్‌లో (మెయిల్ ఖాతాలున్న డొమైన్ల జాబితా) ఉంది, మైడెస్టినేషన్‌లో (సర్వర్ సొంత యూజర్లకు మెయిల్ చేరే పేర్ల జాబితా) డాలర్ మైహోస్ట్‌నేమ్ ఉంది. రెండూ ఒకటే అయితే ఒకే డొమైన్‌ను రెండు చోట్లా పెట్టొద్దని పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో మొరపెడుతుంది, మెయిళ్లు "యూజర్ లేరు" అంటూ తిరిగిపోతాయి. ఎస్‌ఎమ్‌టీపీడీ_బ్యానర్‌ను మార్చాల్సి వస్తే డాలర్ మైహోస్ట్‌నేమ్ మొదటి మాటగా ఉండి తీరాలి. మైహోస్ట్‌నేమ్‌ను మెయిన్.సీఎఫ్‌లోనే రాయడానికి ఇంకో కారణం ఉంది: కొన్ని వీపీఎస్‌లలో రీబూట్ అయినప్పుడల్లా వీపీఎస్‌ను సిద్ధం చేసే క్లౌడ్-ఇనిట్ ప్రోగ్రాము హోస్ట్‌నేమ్‌ను పాత పేరుకు తిప్పేస్తుంది. అక్కడ ప్రిజర్వ్_హోస్ట్‌నేమ్‌ను ట్రూ చేయాలి. మెయిన్.సీఎఫ్‌లో విడిగా రాసి ఉంటే క్లౌడ్-ఇనిట్ ఏం చేసినా మెయిల్‌కు ఇబ్బంది లేదు.

సరిచూడడం మూడు దిక్కుల్లో చేయాలి. ఐపీ నుంచి పేరు, ఆ పేరు నుంచి మళ్లీ అదే ఐపీ, 220 లైన్‌లో అదే పేరు. మూడూ కలిస్తేనే ఈ అధ్యాయం ముగిసినట్టు.

టీఎల్ఎస్ లేదన్న హెచ్చరిక తవ్వితే బయటపడిన పెద్ద విషయం

లాగిన్ అయి మెయిల్ పంపడానికి ఉద్దేశించిన 587 పోర్టులో టీఎల్ఎస్ బాగానే ఉంది. అందుకే "మా అవుట్‌లుక్‌లో తాళం గుర్తు వస్తోంది కదా, ఈ రిపోర్టు తప్పు" అని అక్కడివాళ్లు నమ్మారు. రిపోర్టు తప్పు కాదు. మాస్టర్.సీఎఫ్‌లో సబ్‌మిషన్ సర్వీసు (587 పోర్టు) కింద మాత్రమే సెక్యూరిటీ లెవెల్‌ను ఎన్‌క్రిప్ట్ అని రాశారు. మెయిన్.సీఎఫ్‌లో ఎస్‌ఎమ్‌టీపీడీ_టీఎల్ఎస్_సెక్యూరిటీ_లెవెల్ ఖాళీ. ఖాళీ అంటే టీఎల్ఎస్ లేనట్టే. దాని తోబుట్టువైన ఎస్‌ఎమ్‌టీపీ_టీఎల్ఎస్_సెక్యూరిటీ_లెవెల్, అంటే పంపేటప్పటిది, అదీ ఖాళీ. మొదటిది హెల్త్ చెక్‌కు కనబడింది, రెండోది కనబడలేదు. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్లందరినీ టీఎల్ఎస్ వాడమంటోంది గనుక రెండోదే ఎక్కువ ముఖ్యం.

రెండింటినీ మే అని, అంటే వీలుంటే టీఎల్ఎస్ వాడమని పెట్టాం. 25 పోర్టులో ఎన్‌క్రిప్ట్ అని బిగించకూడదు. టీఎల్ఎస్ రాని పాత సర్వర్ల నుంచి వచ్చే మెయిల్ అంతా ఆగిపోతుంది.

టీఎల్ఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి, మెయిల్.సంస్థ.ఇన్ పేరు మీద తీసుకున్నాం. దాన్ని తెచ్చే సర్ట్‌బాట్ ప్రోగ్రామును స్టాండ్‌అలోన్‌గా నడపాలంటే ఫైర్‌వాల్‌లో 80 పోర్టు తెరిచి ఉండాలి. పోస్ట్‌ఫిక్స్ 3.4 నుంచి ఎస్‌ఎమ్‌టీపీడీ_టీఎల్ఎస్_చెయిన్_ఫైల్స్ అనే ఒక్క పారామీటర్ చాలు. అందులో ప్రైవేట్ కీ ఫైలు ముందు, ఫుల్‌చెయిన్ ఫైలు తరవాత. ఉత్త సర్ట్ ఫైలు ఇస్తే మధ్యంతర సర్టిఫికెట్ లేక కొన్ని ఫోన్లలో మెయిల్ యాప్ గోల పెడుతుంది. ఈ సర్టిఫికెట్ 90 రోజులదే. రెన్యూ అయ్యాక పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ రీలోడ్ అయ్యేలా డిప్లాయ్ హుక్స్ ఫోల్డర్‌లో రెండు లైన్ల స్క్రిప్టు పెట్టాం. డవ్‌కాట్‌ను మరిచిపోతే మూడు నెలల తరవాత ఒక పొద్దున ఆఫీసులో ఎవరికీ మెయిల్ తెరుచుకోదు. పరీక్షకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్‌లో స్టార్ట్‌టీఎల్ఎస్ ఎస్‌ఎమ్‌టీపీ అని ఇచ్చి 25కు కనెక్ట్ కావాలి, అడుగున వెరిఫై కోడ్ 0 రావాలి.

ఇంతకంటే ఆందోళన పడాల్సిన విషయం ఇంకొకటి బయటపడింది. మెయిన్.సీఎఫ్‌లో ఎస్‌ఎమ్‌టీపీడీ_సాస్ల్_ఆథ్_ఎనేబుల్ = యెస్ అని ఉంది. అంటే 25 పోర్టులో కూడా లాగిన్ సాధ్యం, అదీ టీఎల్ఎస్ లేకుండా. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి బ్రాంచ్‌ల అవుట్‌లుక్‌లు సరిగ్గా ఆ 25నే వాడుతున్నాయి. ఎన్నాళ్ల నుంచో ఆ పాస్‌వర్డ్‌లు బ్రాడ్‌బ్యాండ్ తీగల మీద ఏ ముసుగూ లేకుండా ప్రయాణం చేశాయి. రిపోర్టులో ఈ మాట ఎక్కడా లేదు. లాగిన్‌ను మెయిన్.సీఎఫ్ నుంచి తీసేసి సబ్‌మిషన్ సర్వీసు కింద మాత్రమే ఉంచాం, ఎస్‌ఎమ్‌టీపీడీ_టీఎల్ఎస్_ఆథ్_ఓన్లీ = యెస్ పెట్టాం, బ్రాంచ్‌ల పాస్‌వర్డ్‌లన్నీ మార్పించాం. ఇలాంటిది కనబడితే మిగతా పని ఆపి ముందు ఇదే చేయాలి.

ట్రాన్సాక్షన్ టైమ్, బ్రాంచ్‌ల తిరస్కరణ, ఆలస్యం: మూడింటికీ ఒకే మూలం

ట్రాన్సాక్షన్ టైమ్ హెచ్చరిక చూసి సర్వర్‌కు ర్యామ్ పెంచాలని ఎవరో సలహా ఇచ్చారట. సర్వర్ మీద లోడే లేదు. హెల్త్ చెక్ రెండోసారి వెంటనే నడిపితే హెచ్చరిక మాయమైంది. అలా వచ్చిపోయే స్వభావం చూస్తే పోస్ట్‌స్క్రీన్ గుర్తుకు రావాలి.

పోస్ట్‌స్క్రీన్ 25 పోర్టు ముందు కూర్చునే కాపలాదారు. కొత్త ఐపీ వస్తే వెంటనే మాట్లాడనివ్వదు, మామూలుగా 6 సెకన్లు ఆగి చూస్తుంది. స్పామ్ పంపే ప్రోగ్రాములకు ఓపిక ఉండదు, సర్వర్ పలకరింపు పూర్తికాకముందే మాట్లాడేస్తాయి, అలా దొరికిపోతాయి. ఆగిన ఐపీని కొంతకాలం గుర్తు పెట్టుకుంటుంది. లాగ్‌లో మొదటిసారి పాస్ న్యూ, తరవాత పాస్ ఓల్డ్ అని ఉంటుంది. హెల్త్ చెక్ పరిమితి 5 సెకన్లు, ఇక్కడి నిరీక్షణ 6. కాబట్టి మొదటిసారి ఈ హెచ్చరిక రాక తప్పదు. దీన్ని పోగొట్టడానికి పోస్ట్‌స్క్రీన్_గ్రీట్_వెయిట్‌ను 2 సెకన్లకు దింపవచ్చు, కానీ స్పామ్ పట్టే బలం పోతుంది. ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం పంపే సర్వర్లు ఆ తొలి పలకరింపు కోసం 5 నిమిషాల దాకా ఎదురుచూడాలి. 6 సెకన్లు ఎవరికీ బరువు కాదు. ఈ హెచ్చరికను అలాగే వదిలేయాలని నిర్ణయించి, కారణం సంస్థ ఫైల్లో రాసిపెట్టాం. లేకపోతే రేపు వచ్చేవారు దాన్ని "సరిచేస్తారు".

కొత్తవాళ్ల మెయిళ్ల ఆలస్యానికి మాత్రం మందు వేయాల్సిందే. పోస్ట్‌స్క్రీన్‌లో పలకరింపు తరవాతి లోతైన పరీక్షలు మూడున్నాయి: పైప్‌లైనింగ్, నాన్-ఎస్‌ఎమ్‌టీపీ కమాండ్, బేర్ న్యూలైన్. డిఫాల్టుగా ఇవి ఆపి ఉంటాయి, ఇక్కడ ఎవరో మూడూ తెరిచారు. ఇవి తెరిస్తే పరీక్ష నెగ్గిన సర్వర్‌ను కూడా ఆ కనెక్షన్‌లో లోపలికి పంపడం కుదరదు. 450 ఇచ్చి మళ్లీ రమ్మంటుంది. జీమెయిల్ లాంటి పెద్ద సేవలు మళ్లీ వచ్చేటప్పుడు వేరే ఐపీ నుంచి వస్తాయి, దానికీ 450, ఇంకో ఐపీకీ 450. గంటలు అలా గడుస్తాయి. మూడింటినీ నో చేశాక ఆలస్యం పోయింది.

ఇక బ్రాంచ్‌లు. పోస్ట్‌స్క్రీన్ పెట్టకముందు 25 పోర్టు మీద అవి పనిచేశాయి. పెట్టాక, స్పామ్ ఐపీల జాబితాలు నడిపే స్పామ్‌హాస్ సంస్థ జెన్ జాబితా చూడడం మొదలైంది. ఆ జాబితాలో పీబీఎల్ అనే భాగం ఉంది, ఇళ్లకూ దుకాణాలకూ ఇచ్చే మారే ఐపీలు అందులో ఉంటాయి. అది నింద కాదు, ఈ ఐపీల నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్న సమాచారం మాత్రమే. బ్రాంచ్‌ల బ్రాడ్‌బ్యాండ్ ఐపీలు సహజంగా అందులోనే ఉన్నాయి. లాగిన్ అయ్యే అవకాశం రాకముందే పోస్ట్‌స్క్రీన్ 550తో తిప్పికొట్టింది. హెడ్ ఆఫీసు స్టాటిక్ (మారని) ఐపీ మైనెట్‌వర్క్స్‌లో (పోస్ట్‌ఫిక్స్ నమ్మే ఐపీల జాబితా) ఉండడంతో దానికి పరీక్షే లేదు. మందు చిన్నదే: బ్రాంచ్‌ల అవుట్‌లుక్‌లో పోర్టు 587, స్టార్ట్‌టీఎల్ఎస్, లాగిన్ తప్పనిసరి. ఐపీని జాబితాలోంచి తీయించాలని ఫారాలు నింపడం శుద్ధ వృథా, రౌటర్ ఆపి పెడితే మళ్లీ ఇంకో ఐపీ వస్తుంది.

ఈ సర్వర్‌లో అన్‌బౌండ్ అనే ప్రోగ్రాము సొంత రిజాల్వర్‌గా (డీఎన్‌ఎస్ జవాబులు వెతికి తెచ్చేది) ఉంది, అది మంచి ఏర్పాటు. 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ ద్వారా స్పామ్‌హాస్‌ను అడిగితే అది 127.255.255.254 అనే ఎర్రర్ సంకేతం ఇస్తుంది. పేరు పక్కన ఫిల్టర్ లేకపోతే పోస్ట్‌ఫిక్స్ దాన్నీ "జాబితాలో ఉంది" అనుకుని లోకంలోని మెయిల్ అంతా తిప్పికొడుతుంది. అందుకే =127.0.0.[2..11] అనే ఫిల్టర్ చేర్చాం, రేపు ఎవరైనా రిజాల్వర్ మార్చినా ప్రమాదం ఉండకూడదని.

రిపోర్టులో లేని రెండో లోపం: డీకిమ్

మెయిల్ మీద డొమైన్ వేసే డిజిటల్ సంతకమైన డీకిమ్ గురించి రిపోర్టు ఒక్క ముక్క అనలేదు. అనలేదు కాబట్టి బాగుందని సంస్థ వాళ్లు అనుకున్నారు. డీకిమ్ తాళంచెవి డీఎన్‌ఎస్‌లో సెలెక్టర్ అనే పేరు కింద ఉంటుంది. ఆ పేరు చెప్పకపోతే ఏ హెల్త్ చెక్‌కూ దాన్ని వెతికే మార్గం లేదు.

జీమెయిల్‌కు ఒక బిల్లు పంపి, అక్కడ షో ఒరిజినల్ నొక్కి చూస్తే డీకిమ్ వరసే లేదు. ఓపెన్‌డీకిమ్ సర్వీసు నడుస్తోంది, డీఎన్‌ఎస్‌లో కీ ఉంది, కానీ పోస్ట్‌ఫిక్స్‌కూ దానికీ మధ్య వంతెన లేదు: ఎస్‌ఎమ్‌టీపీడీ_మిల్టర్స్ రాయనేలేదు. లోకల్‌హోస్ట్ 8891 పోర్టు మీద కలిపాం, నాన్_ఎస్‌ఎమ్‌టీపీడీ_మిల్టర్స్‌కూ అదే ఇచ్చాం, మిల్టర్_డిఫాల్ట్_యాక్షన్‌ను యాక్సెప్ట్ చేశాం. ఈ చివరిది ముఖ్యం. డిఫాల్టు టెంప్‌ఫెయిల్ కాబట్టి ఓపెన్‌డీకిమ్ ఎప్పుడైనా పడిపోతే మెయిల్ మొత్తం నిలిచిపోతుంది.

పాత కీ 1024 బిట్లది. కొత్తగా 2048 బిట్ల కీ, కొత్త సెలెక్టర్‌తో చేశాం. పాత సెలెక్టర్‌ను తుడిచేసి అదే పేరుతో కొత్తది పెట్టకూడదు, క్యూలో ఉన్న మెయిళ్ల సంతకాలు చెల్లవు. 2048 బిట్ల కీ టీఎక్స్‌టీ రికార్డులో ఒకే ముక్కలో పట్టదు, ఒక ముక్కకు 255 అక్షరాలే పరిమితి. జెన్‌కీ కమాండ్ దాన్ని కొటేషన్లలో ముక్కలుగా ఇస్తుంది. కొన్ని ప్యానెళ్లు ముక్కలను అడుగుతాయి, కొన్ని ఒకే వరసగా ఇస్తే అవే విడగొట్టుకుంటాయి. ఏదైనా సరే, ముక్కల మధ్య ఖాళీ కీ లోపలికి జారకూడదు. ఓపెన్‌డీకిమ్-టెస్ట్‌కీ నడిపితే కీ ఓకే రావాలి. కీ నాట్ సెక్యూర్ అని కూడా వస్తే కంగారు వద్దు, డొమైన్‌కు డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులకే వేసే సంతకం) లేదని మాత్రమే దాని అర్థం. కీ ఫైలు యజమాని ఓపెన్‌డీకిమ్, అనుమతులు 600.

అన్నీ కలిపాక కూడా ఉద్యోగుల మెయిళ్లకు సంతకం పడింది గానీ బిల్లులకు పడలేదు. కాన్ఫిగ్‌లో లాగ్‌వై యెస్ పెడితే కారణం కనబడింది: నాట్ ఇంటర్నల్, నాట్ ఆథెంటికేటెడ్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఐపీ నుంచి 25 పోర్టు మీద, లాగిన్ లేకుండా పంపుతోంది. మైనెట్‌వర్క్స్‌లో ఉంది గనుక పోస్ట్‌ఫిక్స్ ఒప్పుకుంది. ఓపెన్‌డీకిమ్ మాత్రం తన ఇంటర్నల్ హోస్ట్స్‌లో ఉన్నవాళ్లకూ లాగిన్ అయినవాళ్లకూ మాత్రమే సంతకం చేస్తుంది. ఆఫీసు ఐపీని ఇంటర్నల్ హోస్ట్స్‌లో చేర్చడం సులువైన దారి. మేం ఆ దారి పట్టలేదు. ఆఫీసు ఐపీని గుడ్డిగా నమ్మితే అక్కడ ఒక్క కంప్యూటర్‌కు వైరస్ పట్టినా అది సంస్థ సంతకంతో స్పామ్ పంపుతుంది. బిల్లింగ్‌కు విడిగా ఒక ఖాతా తెరిచి 587 మీదికి మార్చాం, మైనెట్‌వర్క్స్‌లో లోకల్‌హోస్ట్ ఒక్కటే మిగిల్చాం.

ఒక అనుమానం మాత్రం మొదటి నుంచీ అక్కడ బలంగా ఉంది: సబ్జెక్ట్ తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటే జీమెయిల్ స్పామ్‌లో వేస్తోందని. దానికోసం కొందరు ఖాతాదారుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చారు కూడా. సబ్జెక్ట్‌లో ఏ లిపి ఉన్నా హెడర్‌లో అది యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే వెళ్తుంది, ఎస్‌పీఎఫ్‌కూ డీకిమ్‌కూ లిపితో సంబంధం లేదు. ఒకే బిల్లును మూడు లిపుల సబ్జెక్ట్‌తో పంపి ఫలితం ఒకటేనని చూపించాక పేర్లు మళ్లీ తమ తమ అక్షరాల్లోకి వచ్చాయి. మన పేరు మన లిపిలో ఉండడం వల్ల బిల్లు ఆగదు.

ఎస్‌పీఎఫ్

రెండు రికార్డులు. ఒకటి వెబ్ హోస్టింగ్ వాళ్ల సెటప్ పెట్టింది, రెండోది బల్క్ మెయిల్ సేవ పెట్టమన్నది. ఆర్‌ఎఫ్‌సీ 7208 ప్రకారం ఒక డొమైన్‌కు వీ=ఎస్‌పీఎఫ్1తో మొదలయ్యే రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే ఫలితం పెర్మ్ఎర్రర్, అంటే రెండూ లేనట్టే. రెండు రికార్డులూ కలిపి ఒకటి చేశాం: వీ=ఎస్‌పీఎఫ్1, ఐపీ4:203.0.113.25, బల్క్ సేవ ఇన్‌క్లూడ్ (ఆ సేవ సర్వర్లనూ కలుపుకోమని), చివర టిల్డ ఆల్ (మిగతావాటిని అనుమానించమని).

పాత రికార్డులో ఉన్న ఏ, ఎమ్ఎక్స్ అనే మాటలు కావాలనే వదిలేశాం. ఏ అంటే వెబ్‌సైట్ ఉన్న షేర్డ్ హోస్టింగ్ ఐపీ. ఆ ఐపీని పంచుకునే ఇతర వెబ్‌సైట్లన్నింటికీ మన పేరుతో మెయిల్ పంపే హక్కు ఇచ్చినట్టవుతుంది. వెబ్‌సైట్ కాంటాక్ట్ ఫారం మెయిల్ అక్కడి నుంచే పోతోంది కదా అంటే, దాన్నీ 587 ద్వారా మన సర్వర్‌కు మళ్లించాం. పైగా ఇన్‌క్లూడ్, ఏ, ఎమ్ఎక్స్, పీటీఆర్, ఎగ్జిస్ట్స్, రీడైరెక్ట్ కలిపి 10 డీఎన్‌ఎస్ వెతుకులాటలు దాటకూడదు. ఇన్‌క్లూడ్‌ల లోపలి ఇన్‌క్లూడ్‌లు కూడా లెక్కే. ఐపీ4, ఐపీ6, ఆల్ లెక్కలోకి రావు.

డీమార్క్, మిగిలిన హెచ్చరికలు

డీమార్క్ రికార్డు పెట్టామని ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే అబ్బాయి గట్టిగా చెప్పాడు. నిజంగానే పెట్టాడు. ప్యానెల్‌లో పేరు గడిలో పూర్తి పేరు రాయడంతో ప్యానెల్ దాని చివర డొమైన్‌ను మళ్లీ తగిలించింది. రికార్డు _డీమార్క్.సంస్థ.ఇన్.సంస్థ.ఇన్ అనే చోట కూర్చుంది. గడిలో _డీమార్క్ అని మాత్రమే రాయాలి. డీకిమ్ సెలెక్టర్‌కూ ఇదే జాగ్రత్త. ఏదైనా ఒక రికార్డు దొరకలేదంటే ముందు డొమైన్ రెండుసార్లు రాసి డిగ్ చేసి చూడండి.

మొదట పీ=నన్ (ఏ చర్యా వద్దని) పెట్టి, రిపోర్టులు ఎక్కడికి రావాలో చెప్పే రువాలో అదే డొమైన్‌లోని ఒక విడి చిరునామా ఇచ్చాం. రిపోర్టులు వేరే డొమైన్‌కు పంపాలంటే ఆ డొమైన్ డీఎన్‌ఎస్‌లో అనుమతి రికార్డు ఉండాలి, లేకపోతే రిపోర్టులు రావు. పీ=నన్ పెట్టగానే హెల్త్ చెక్‌లో ఒక హెచ్చరిక పోయి ఇంకోటి వచ్చింది: పాలసీ అమల్లో లేదని. దాన్ని కొన్నాళ్లు భరించాలి. సంస్థ పేరుతో ఎవరెవరు పంపుతున్నారో తెలియకుండా క్వారంటైన్ (స్పామ్‌లో వేయమని) పెడితే మొదట దెబ్బ తినేది సొంత మెయిళ్లే.

రిపోర్టులు రాగానే ఆ మాట రుజువైంది. బల్క్ సేవ మెయిళ్లకు ఎస్‌పీఎఫ్ పాస్ అయింది, కానీ తన సొంత రిటర్న్-పాత్ (చేరని మెయిల్ తిరిగొచ్చే చిరునామా) డొమైన్ మీద. ఫ్రమ్‌లో కనబడే డొమైన్ సంస్థ.ఇన్. రెండూ కలవవు గనుక డీమార్క్ లెక్కలో అది ఫెయిల్. ఇన్‌క్లూడ్ పెట్టాం కదా అంటే సరిపోదు. ఆ సేవ ప్యానెల్‌లో డొమైన్ ధ్రువీకరణ మొదలుపెట్టి, అది ఇచ్చిన సీనేమ్‌లను డీఎన్‌ఎస్‌లో చేర్చాక ఆ మెయిళ్లకు సంస్థ.ఇన్ పేరు మీద డీకిమ్ సంతకం పడింది, డీమార్క్ కూడా పాస్ అయింది.

ఎస్ఓఏ హెచ్చరికల మీద సమయం పెట్టలేదు. ఎక్స్‌పైర్ 2 నుంచి 4 వారాలు ఉండాలన్నది 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1912 సిఫార్సు, సీరియల్‌ను తేదీ రూపంలో రాయడం కూడా అందులోని సలహాయే. ఈ విలువలు సెకండరీ సర్వర్లు జోన్‌ను కాపీ చేసుకునే పద్ధతికి సంబంధించినవి. ఉచిత డీఎన్‌ఎస్ సేవ తన సర్వర్లను లోలోపల వేరే పద్ధతిలో సమన్వయం చేసుకుంటుంది, వాటిని మార్చే గడి కూడా ఖాతాదారుకు ఇవ్వదు. మెయిల్ మీద ప్రభావం ఏమీ లేదు.

రిపోర్టుల్లో తెలియని పంపేవాడెవడూ మిగలలేదని తేలాక పాలసీని పీ=క్వారంటైన్‌కు పెంచాం. రిజెక్ట్ (పూర్తిగా తిప్పికొట్టమని) దాకా తీసుకెళ్లలేదు. కోరాపుట్ వైపు కొందరు ఖాతాదారులు పాత చిరునామా నుంచి జీమెయిల్‌కు ఫార్వర్డ్ పెట్టుకున్నారు. ఫార్వర్డ్‌లో ఎస్‌పీఎఫ్ ఎలాగూ తెగుతుంది. మధ్య సర్వర్ మెయిల్ అడుగున ఏదైనా లైను చేరిస్తే డీకిమ్ కూడా తెగుతుంది. క్వారంటైన్‌లో ఆ బిల్లు కనీసం స్పామ్ ఫోల్డర్‌లో దొరుకుతుంది. ఆ ఖాతాదారుల కొత్త చిరునామాలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా ఎక్కించే పని బరంపురం కౌంటర్‌లో నడుస్తోంది. అది పూర్తయితేనే రిజెక్ట్ సంగతి.